మైనపు ట్రేలో సొర

కాకినాడ వైపు బీఎస్సీ జువాలజీ చదివినవాళ్లలో సొరను సముద్రంలో చూసినవాళ్లు తక్కువ. మైనపు ట్రేలో వెల్లకిలా పెట్టి, రెక్కలకు గుండుసూదులు గుచ్చి చూసినవాళ్లమే అందరం. ఆ చదువే చదివి, ఆ పాఠమే చెప్పి రిటైరైనదాన్ని.

ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలకు అక్కడి డాగ్‌ఫిష్ నమూనా. అది మన రేవుల్లో ఎక్కడిది? మన వలల్లో పడేది మూరెడుకు అటూ ఇటూగా పెరిగే స్కోలియోడాన్. కె.ఎన్. బాల్ సంపాదకత్వంలో వచ్చిన ఇండియన్ జువలాజికల్ మెమాయిర్స్ కోసం 1928లో ఇ.ఎం. తిల్లయంపలం దాని మీద ఒక సంపుటం రాశారు. సముద్రం లేని లక్నోలో పాఠాలు చెప్పే ఒకావిడ రాసిన ఆ పుస్తకం దారిలోనే తరాలపాటు తీరంలోని మా లాబ్‌లూ నడిచాయి.

మా అటెండరు తెల్లవారకముందే రేవుకెళ్లి బేరమాడి తెచ్చి ఫార్మలిన్‌లో వేసేవాడు. పరీక్షనాడు చీటీలో అఫరెంట్ బ్రాంకియల్స్ వస్తే అదృష్టమే. గుండె నుంచి ముందుకు సాగే ధమనీ, దాన్నుంచి మొప్పలకు చీలే అయిదు జతలూ విడదీసి చూపిస్తే చాలు. క్రేనియల్ నెర్వ్స్ వచ్చిందా, ఇక ఏడుపే. చేపను బోర్లా తిప్పి, తలలోని మృదులాస్థిని పొరపొరగా చెక్కాలి. బ్లేడు కాస్త జారితే అయిదో నాడి తెగిపోతుంది, దాంతోపాటు మార్కులూ.

కడుపుతో ఉన్నది దొరికితే క్లాసంతా ఆ బల్ల దగ్గరే. గుడ్డు మహా అయితే ఆవగింజంత. పిల్లకు తిండంతా మాయ ద్వారానే. బొడ్డుతాళ్లతో వరసగా ఉన్న పిల్లల్ని చూసి కత్తెర కింద పెట్టేసిన అమ్మాయిలున్నారు. బాలింతకు పాలు పడతాయని వాళ్ల ఇళ్లలో వండేదీ సొరపిట్టే మరి!

2011లో యూజీసీ ఈ కోతల్ని దశలవారీగా తగ్గించమంది, 2014లో పూర్తిగా మానమంది. మంచిపనే. ఏటేటా ఒకే నాడిని వెతకడానికి అన్ని ప్రాణాలు అక్కర్లేదు. అయితే ట్రాలర్ల వలల ముందు మా లాబ్ వాటా ఏపాటిది? 2022లో పనామాలో జరిగిన సైటీస్ సమావేశం ఈ చేప కుటుంబం మొత్తాన్ని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో చేర్చింది. ఇవాళ్టి విద్యార్థికి మాత్రం అది తెరమీది బొమ్మ.

లెక్చరర్లకు ఒక మాట. పిల్లల్ని పొద్దున్నే వేలంపాట వేళకు రేవుకు తీసుకెళ్లండి. కత్తి అక్కర్లేదు. ఏది ఆడదో, ఏది మగదో, ఏది కడుపుతో ఉందో అమ్మేవాళ్లను అడగండి, చెబుతారు.