వేలూరు చెరసాలలో హరిసర్వోత్తమరావుగారు

గ్రంథాలయోద్యమమునకు జీవితమును ధారవోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు (1883-1960) ఆంధ్రదేశమున తొలి రాజకీయఖైదీలలో నొకరని నేడు పుస్తకాలయములకు వచ్చు పిన్నలు పెక్కు రెరుగరు.

వందేమాతరోద్యమమున పాల్గొన్నందులకు 1907లో రాజమహేంద్రవరపు శిక్షణ కళాశాలనుండి వారు బహిష్కృతులైరి. మరుసటి యేడు బెజవాడనుండి ‘స్వరాజ్య’ పత్రికను నడపిరి. ఆ 1908 మార్చిలో చిదంబరం పిళ్ళెగారి నిర్బంధమునకు తిరునల్వేలి జనము తిరుగబడగా పోలీసులు కాల్పులు జరిపిరి, నలుగురు మరణించిరి. దానిని ఖండించిన వ్యాసమే రావుగారి నేరమయ్యెను.

క్రింది న్యాయస్థానము ఆరుమాసముల శిక్ష విధించెను. దొరతనమువారి కది చాలలేదు. మద్రాసు ఉన్నత న్యాయస్థానము దానిని మూడేండ్ల కఠినశిక్షగా పెంచెను. లెక్కకు ఆరింతలే, కాని బరువంతయు ‘కఠిన’ మను మాటలో నుండెను.

ఎం.ఏ. చదివిన యా విద్వాంసునికి వేలూరు జైలులో తల గొరిగించిరి, మీసము తీయించిరి. కాళ్ళకును మెడకును కడియములు తగిలించిరి. మోకాళ్ళవరకు లాగు, చేతులులేని చొక్కా, టోపీ తొడిగించి, హంతకుల నడుమ, బందిపోట్ల నడుమ నుంచిరి. తిండి మట్టిచిప్పలలో. వ్రాసినవానికిని దోచినవానికిని అచ్చట తారతమ్యము లేదు. చదువుకొన్నవారిని వెరపించుటకే యిదంతయు నని తోచును.

లాహోరు జైలులో జతీంద్రనాథదాసు 63 దినములు నిరాహారుడై 1929 సెప్టెంబరు 13న అసువులు బాసిన పిదపగాని, 1930లో ఖైదీలకు ఏ, బీ, సీ తరగతు లేర్పడలేదు. అవియు చదువును, జీవనస్థాయిని బట్టియే! పేద సత్యాగ్రహికి సీ తరగతియే దక్కెను.

విడుదలయైన రావుగారు వయోజనవిద్యకు పూనుకొని, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు అధ్యక్షులై, అక్షరమెరుగని పల్లెలకు పుస్తకములు చేర్చుటకు పాటుపడిరి.