ఆంగ్లో ఇండియన్లు: తల్లి వైపు చెరిపేసిన చరిత్ర

ఐరోపా తండ్రులకూ భారతీయ తల్లులకూ పుట్టిన బిడ్డల సంతతి ఆంగ్లో ఇండియన్లు. తొలినాళ్లలో ఇలాంటి పెళ్లిళ్లను ఈస్టిండియా కంపెనీయే ప్రోత్సహించింది. మద్రాసులో తన సైనికులు స్థానిక స్త్రీలను పెళ్లాడితే, బిడ్డ బాప్తిస్మం నాడు తల్లికి ఒక వరహా ఇవ్వాలని 1687లో డైరెక్టర్లు రాసి పంపారు.

నూరేళ్లకు ఆ ఆదరణ పోయింది. తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైనా కంపెనీ పౌర, సైనిక, నౌకా కొలువులకు పనికిరారని 1791లో ఉత్తర్వు వచ్చింది. 1795 నాటికి సైన్యంలో వారికి మిగిలినవి బ్యాండు వాయించడం, గుర్రాలకు లాడాలు కొట్టడం వంటి పనులే. తండ్రి అధికారిగా ఉన్న పటాలంలోనే కొడుకు డ్రమ్ము మోయాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో పిల్లలు ఏం పోగొట్టుకున్నారో హైదరాబాదులో జరిగిన ఒక ఉదంతం చెబుతుంది. అక్కడి బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ ఖైరున్నీసాను పెళ్లాడాడు. వారి కొడుకు సాహెబ్ ఆలంనూ కూతురు సాహెబ్ బేగంనూ 1805లో ఇంగ్లండుకు ఓడ ఎక్కించారు. కొడుక్కి అయిదేళ్లు కూడా లేవు. బయలుదేరే ముందు మద్రాసులో జార్జ్ చినరీ వారి చిత్రం గీశాడు. అందులో ఇద్దరూ హైదరాబాదీ దర్బారు దుస్తుల్లోనే ఉన్నారు. మరుసటి ఏడాది లండన్‌లో బాప్తిస్మంతో వారు విలియం జార్జ్, క్యాథరిన్ అరోరా అయ్యారు. తండ్రి 1805లోనే కలకత్తాలో చనిపోయాడు. తల్లి వారిని మళ్లీ చూడకుండానే 1813లో కన్నుమూసింది. కిట్టీగా పెరిగిన ఆ కూతురు నడివయసులో హైదరాబాదులోని అమ్మమ్మ షరఫున్నీసాకు ఉత్తరాలు రాసింది. విడిపోయిన రోజున తల్లి జుట్టు పీక్కుంటూ ఏడ్చిన చోటు ఇంకా కళ్లముందే ఉందని అందులో చెప్పుకుంది. మూడేళ్ల పిల్ల మనసులో పడిన ఆ గాయాన్ని కొత్త పేరు గానీ కొత్త దేశం గానీ మాన్పలేకపోయాయి.

పందొమ్మిదో శతాబ్దంలో రైల్వేలు, టెలిగ్రాఫ్, కస్టమ్స్ ఈ సమాజానికి బతుకుతెరువు చూపాయి. లాలాగూడ, కాజీపేట, గుంతకల్లు, బిట్రగుంట రైల్వే కాలనీల్లో వారి కుటుంబాలు స్థిరపడ్డాయి. జీతంలోనూ హోదాలోనూ వారు భారతీయులకు పైమెట్టున, ఇంగ్లీషువారికి కిందిమెట్టున నిలిచారు. ఇరుపక్షాలూ వారిని తమవారిగా చూడలేదు. ఒకే ఇంట్లో తెల్లగా పుట్టినవారు ఐరోపావారిగా చెలామణి కాగలిగితే, చామనఛాయ తోబుట్టువులకు ఆ దారి ఉండేది కాదు. తెల్లగా ఉన్నవారికీ బంధువులను దాచుకుంటూ బతికే భయం తప్పలేదు. 1911లో బొంబాయిలో పుట్టిన సినీనటి మెర్ల్ ఓబరాన్ తన పుట్టుకను దాచి, టాస్మేనియాలో పుట్టానని దశాబ్దాల పాటు చెప్పుకుంది. వర్ణాన్ని బట్టి బతుకు విలువ కట్టిన లోకమే ఆమె చేత ఆ అబద్ధం ఆడించింది.

తమకంటూ ఒక నేల కావాలన్న తపనతో 1933లో బీహారు అడవుల్లో మెక్‌లస్కీగంజ్ వెలసింది. ఇప్పుడది జార్ఖండ్‌లో ఉంది. 1947 తర్వాత వేలమంది బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాలకు వలసపోయారు. శ్వేతజాతి విధానం నడిచిన రోజుల్లో ఆస్ట్రేలియా వారి ఒంటి రంగునూ వంశాన్నీ తరచి చూసింది.

ఉండిపోయినవారికి భారత రాజ్యాంగం గుర్తింపు ఇచ్చింది. కానీ 366వ అధికరణ కూడా తండ్రి వైపు వంశాన్నే లెక్కలోకి తీసుకుంది. రైల్వే, కస్టమ్స్, తపాలా ఉద్యోగాల్లో ప్రత్యేక కోటా పదేళ్లలో అంచెలంచెలుగా ముగిసింది. లోక్‌సభలోనూ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా పలు శాసనసభల్లోనూ సాగిన నామినేటెడ్ ప్రాతినిధ్యం 104వ సవరణతో 2020 జనవరిలో ఆగిపోయింది.