సీసపు గుండు, దాని అచ్చు

పల్నాటి యుద్ధమునందు తుపాకులుండెనా యని నడికుడి పిల్లలు మమ్ము నడుగుట కద్దు. లేవని చెప్పినచో వారి మొగములు చిన్నవోవును. 12వ శతాబ్దిలో కారెంపూడి నేలపై పోరిన వీరులు కత్తులను, ఈటెలను, విండ్లను ఎఱుగుదురే కాని తుపాకి నెఱుగరు. ఇందు మనకు చిన్నతన మేమియు లేదు. ఆనాడు యూరపుఖండముననైనను తుపాకి లేదు. పిల్లలు నిరాశ చెందుట సహజమే. కాని చదువుకొన్న పెద్దలు సయితము వేదకాలముననే మనకు తుపాకులు కలవని వాదించుచుండుట మాకు వింతగా తోచును.

ఈ వాదమునకు రెండాధారములు చూపుదురు. మొదటిది అథర్వవేదమునందలి సీససూక్తము. శత్రువులను, పిశాచములను పాఱద్రోలుటకు సీసమును ప్రార్థించు మంత్రములవి. అందు సీసము రక్షగాను, ఆభిచారిక ద్రవ్యముగాను వచ్చుచున్నదే కాని గొట్టము లేదు, మందు లేదు, నిప్పు లేదు. రెండవది శుక్రనీతి. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతాచార్యుడైన గుస్టావ్ ఆపర్టు 1880లో ప్రాచీన హిందువుల ఆయుధములను గూర్చి యొక గ్రంథము ప్రకటించి, 1882లో శుక్రనీతిసారమును అచ్చువేయించెను. అందు నాళికాయుధమును గూర్చియు, సురేకారము, గంధకము, బొగ్గు కలిపి మందు చేయుటను గూర్చియు, చిన్న నాళికకు సీసపు గోళము తగునని యును స్పష్టముగా నున్నది. ఇంత స్పష్టముగా నుండుటయే యనుమానమునకు కారణమయ్యెను. 1962లో లల్లన్‌జీ గోపాల్ అను చరిత్రకారుడు ఆ గ్రంథములోని పాలనావిషయములను పరిశీలించి, అది 19వ శతాబ్దపు రచన యని చూపెను. సంస్కృత శ్లోకమైనంత మాత్రమున ప్రాచీనము కాదనుట సంస్కృతము చదివిన మాకు కష్టముగా నున్నను, సత్య మట్లే యున్నది.

భాషయే యొక సాక్ష్యము. తుపాకి యను మాట తురుష్కుల పలుకునుండి పుట్టి పారసీకముగుండ మనకు వచ్చినది. ఫిరంగి యను మాట పరంగివారి పేరే. మందు అను మాటను మాత్రము మన వైద్యుని యొద్దనుండి యెరువు తెచ్చుకొంటిమి. 1520లో రాయచూరు ముట్టడియందు క్రిస్తోవావో ద ఫిగెయిరెదో అను పోర్చుగీసువాడు తన తుపాకివారితో కృష్ణదేవరాయలకు తోడుపడెనని నూనిజ్ వ్రాసియున్నాడు. కోటగోడపై నిలిచినవారిని వారు గుఱి చూచి కొట్టుచుండ, గోడ క్రిందివారు రాళ్ళు పెఱికిరట.

తుపాకి వచ్చినపిమ్మట దాని వెంట అచ్చును రావలసివచ్చెను. నేటివారికిది సులభముగా బోధపడదు. చేతిపనివాడు చేసిన ప్రతి తుపాకికిని గొట్టపు వెడల్పు వేఱుగా నుండెడిది. ఒకని గుండు మఱియొకని తుపాకిలో దూరదు, లేదా వదులై దొర్లును. కావున తుపాకి కొన్నవాడు దాని కొలతకు సరిపోవు అచ్చును గూడ కొనుట ఆచారమయ్యెను. అచ్చు పోయినచో తుపాకి సగము పోయినట్లే. వెడల్పును చెప్పు పద్ధతియు సీసమునుండియే పుట్టెను. ఒక పౌను శుద్ధసీసముతో సమానమైన పండ్రెండు గుండ్లు పోసిన, అందొక గుండు పట్టు గొట్టము పండ్రెండు బోరు; పదునాఱు పోసిన పదునాఱు బోరు. అంకె పెరిగిన కొలది గొట్టము సన్నమగుటకు కారణమిదియే. పండ్రెండు బోరు గుండు మన తూనికలో ఇంచుమించు మూడుంబావు తులములు తూగును.

అచ్చు రెండు దవడల పట్టకారువంటిది. ఇత్తడితోగాని ఇనుముతోగాని చేయుదురు; వేడికి పగులని బలపపురాతిలో తొలిచిన అచ్చులును కలవు. మూతితట్టునుండి కూరు తుపాకికి అచ్చు నెన్నుకొనువాడు గుండు గొట్టముకంటె రవంత చిన్నదిగా నుండునట్లు చూచుకొనవలయును. ఆ యెడమును జిడ్డు పూసిన గుడ్డముక్క పూరించును. పెద్దదైన దట్టించు కడ్డికి లొంగదు. మఱియు చిన్నదైన గాలి ప్రక్కలనుండి తప్పించుకొని గుఱి చెడును. వెనుకతట్టునుండి తూటా పెట్టు రైఫిలునకు న్యాయము తలక్రిందగును. అక్కడ గుండు లోపలి చాళ్ళ లోతుకంటె వెండ్రుకవాసి పెద్దదిగా నుండి వానిలో ఒరసికొనుచు పోవలయును. అచ్చు నెన్నుకొనుటలో నేర్పంతయు ఈ వెండ్రుకవాసిలోనే యున్నది.

సీసము 327 సెంటిగ్రేడు డిగ్రీల వేడికే కరగును; పల్లెలోని కుంపటి చాలును. అచ్చు చల్లగా నున్నచో గుండు ముడుతలు పడును, మిక్కిలి వేడెక్కినచో పైన మంచు పట్టినట్లు తెల్లనగును. అందుచేత మొదటి నాలుగైదింటిని మరల మూసలో వేయుట పోతగాండ్ర మర్యాద. మెత్తని శుద్ధసీసము వేగముగా పోవునపుడు గొట్టమునకు పూసికొనును. తగరము కలిపిన అచ్చు మూలలకు చక్కగా పాఱును, ఆంటిమొని కలిపిన గట్టిపడును. కరగిన సీసములో నీటిబొట్టు పడిన నది యావిరియై చిమ్మి కన్నులు తీయగలదు. అంతకంటె నిదానమైన అపాయ మింకొకటి కలదు. పైన తేలు మడ్డియందును, చేతులకంటిన ధూళియందును ఉన్న విషము కడుపులోనికి పోయి, ముఖ్యముగా పసిపిల్లల మెదడును చెఱచును. వంటయింటి గిన్నెలో సీసము కరగించి మరల దానినే పొయ్యిమీది కెక్కించుట కంటె తెలివితక్కువ పని లేదు. చవుకకు ఆశపడి సీసము కలిపిన తగరముతో కళాయి పోయించుకొను గృహిణులకును ఈ మాట వర్తించును.

1849లో మినియే అను ఫ్రెంచి సేనాని క్రింద గుంటగల కోలగుండును కనిపెట్టెను. అది వదులుగా దిగి, పేలినపుడు విచ్చుకొని చాళ్ళను పట్టుకొనును. ఈ జాతి గుండునే ఎన్‌ఫీల్డు తుపాకికి వాడిరి. దాని కాగితపు తూటాకు పూసిన క్రొవ్వు 1857లో ఎంత పని చేసెనో చదువరులెఱుగుదురు. ఆపై లోహపుతూటా వచ్చెను. మా దృష్టిలో అసలు మార్పిదియే. అంతవరకు వేటకాడు సీసమును, అచ్చును, మందును ఇంట నుంచుకొని స్వతంత్రుడై యుండెను. లోహపుతూటాను కుంపటిమీద పుట్టింపలేడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలను పట్టిన అల్లూరి సీతారామరాజు తుపాకులతో పాటు తూటాలను గూడ తీసికొనిపోవుట ఇందువలననే.

శాసనము చూడుడు. 1878 నాటి ఆయుధముల చట్టము లైసెన్సు లేనివానికి తుపాకిని నిషేధించి, తూటాలు చేయు యంత్రములను గూడ మందుగుండుసామగ్రిలోనే చేర్చెను. కాని సీసమును, గంధకమును, సురేకారమును ఆ నిర్వచనమునుండి మినహాయించి, వలసినపుడు ప్రత్యేక ప్రకటనతో అదుపు చేయు అధికారమును మాత్రము ప్రభుత్వము తనయొద్ద నుంచుకొనెను. ఆ చట్టమున యూరపియనులకు చూపిన మినహాయింపు నాటి దేశభక్తుల నెంతయో బాధించెను. 1882 నాటి మదరాసు అటవీ చట్టముతో వేటయు, పశువుల మేతయు సర్కారు చేతిలోనికి పోయెను. ఆ పుల్లరిని చెల్లింపమని నిలిచిన మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు గుండ్లకు బలియయ్యెను. పల్నాటివారికి సీసపు గుండనగానే జ్ఞప్తికి వచ్చునది వేట కాదు, ఈ చావు.

వేట విషయము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ముగిసెను. దానికై విచారించువారితో మేమేకీభవింపము. కృష్ణయొడ్డు కొండలలోని పులికి మన గుఱి నేర్పుతో నేమి పని? ఆయుధములకు 1959 నాటి చట్టము నేడు నడచుచున్నది.

ఇక సీసము మాట. పల్నాటివారు దానికై దూరము పోనక్కఱలేదు. వినుకొండ దిక్కున అగ్నిగుండాల చెంత బండ్లమోటు కొండలో సీసపు ఖనిజము కలదు. హిందూస్థాన్ జింక్ సంస్థ 20వ శతాబ్ది చివరి దశాబ్దములలో దానిని త్రవ్వించి, పిమ్మట మూసివేసెను. గుండ్లకంటె వేయేండ్లు ముందే మనవారు సీసమును పోత పోసిరి, కాని చంపుటకు గాదు. శాతవాహనులును, విజయపురి నేలిన ఇక్ష్వాకులును సీసపు నాణెములు వేయించిరి. మెదకుసీమలోని కొండాపురమున 1940 ప్రాంతమున జరిగిన త్రవ్వకములలో నాణెములు పోయు మట్టి అచ్చులును బయల్పడినవి. నడికుడినుండి మాచర్ల రైలెక్కినవారు అచ్చటినుండి నాగార్జునసాగరమునకు పోయి, పడవలో ద్వీపమునకు దాటినచో, అచ్చటి ప్రదర్శనశాలలో ఇక్ష్వాకుల కాలపు అవశేషములను చూడగలరు.