పందెంలో రెండో పుంజు: జట్ల సొంత ఆదాయం పంచుకోవాలా?

ఎస్సే పేపర్‌లో సమానత్వం, సామర్థ్యం అనే రెండు మాటలను మనం తరచూ ఎదురెదురుగా నిలబెడుతుంటాం. రెండింటికీ నాలుగేసి పాయింట్లు రాసి, చివర్లో ‘సమతుల్యం అవసరం’ అని ముగిస్తాం. మార్కులు కూడా అంతంతమాత్రమే వస్తాయి. ఈసారి సాధనకు తీసుకున్న ప్రశ్నలో అలా తప్పించుకోవడం కుదరదు: వృత్తి క్రీడా జట్లు సొంత మైదానంలో సంపాదించిన డబ్బులో బలహీన జట్లకు వాటా ఇవ్వాలా? ఇది ఆటల ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ ఆర్థిక సంఘం, జిల్లా ఖనిజ నిధి, జీఎస్టీ చదివినవాళ్లకు పాత పరిచయమే.

మ్యాచ్ ఎవరి సరుకు?

సుక్మా చుట్టుపక్కల వారపు సంతల్లో కోడిపందెం చూసినవాళ్లకైనా, గోదావరి జిల్లాల్లో సంక్రాంతి బరి చూసినవాళ్లకైనా ఒక సంగతి తెలుసు. ఒక్క పుంజుతో పందెం జరగదు. ఎదుటి పుంజు మరీ బక్కదైతే జనం నిలబడరు, డబ్బూ కాయరు.

ఆర్థికవేత్త వాల్టర్ నీల్ 1964లో ఇదే విషయాన్ని బాక్సింగ్ ఉదాహరణతో చెప్పాడు. మామూలు వ్యాపారికి పోటీదారు లేకపోతే లాభం. హెవీవెయిట్ చాంపియన్ జో లూయీకి మాత్రం మాక్స్ ష్మెలింగ్ లాంటి గట్టి ప్రత్యర్థి ఉంటేనే సంపాదన. అంటే మ్యాచ్ అనే సరుకును రెండు జట్లు కలిసి తయారు చేస్తాయి. టికెట్ కౌంటర్ మాత్రం ఒక జట్టు ఊళ్లో ఉంటుంది. ఆ కౌంటర్ దగ్గర వచ్చిన డబ్బంతా ఆ ఊరి జట్టుదేనా అన్నదే అసలు వివాదం.

మూడు లీగులు, మూడు దారులు

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ లీగ్ 1888లో మొదలైంది. అక్కడ చాలాకాలం టికెట్ల డబ్బులో అతిథి జట్టుకు కొంత వాటా ఇచ్చే పద్ధతి నడిచింది. 1983లో పెద్ద క్లబ్బుల ఒత్తిడితో దాన్ని ఎత్తేశారు. సొంత మైదానం వసూలంతా ఇక సొంత జట్టుకే. తొమ్మిదేళ్ల తర్వాత, 1992లో, పై డివిజన్ క్లబ్బులు విడిపోయి ప్రీమియర్ లీగ్ పెట్టుకున్నాయి. ఆ లీగ్ దేశీయ టీవీ ఒప్పందాల డబ్బును పంచడానికి ఒక సూత్రం పెట్టుకుంది. సగం అందరికీ సమానం, పావు వంతు లీగ్‌లో స్థానాన్ని బట్టి, మిగతా పావు వంతు ఎన్ని మ్యాచులు టీవీలో చూపించారన్న దాన్ని బట్టి. పై మెట్టు తనలో తాను పంచుకుంది, కింది మెట్లతో దూరం మాత్రం పెరిగింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఇంకో దారి పట్టింది. 1961లో కమిషనర్ పీట్ రోజెల్ పెద్ద నగరాల జట్ల యజమానులను ఒప్పించి, జాతీయ టీవీ హక్కులను లీగ్ మొత్తం తరఫున అమ్మి సమానంగా పంచే ఏర్పాటు తెచ్చాడు. అది గుత్తాధిపత్య నిరోధక చట్టాలకు తగలకుండా అదే ఏడాది క్రీడా ప్రసారాల చట్టం వచ్చింది. లక్ష పైచిలుకు జనాభా ఉన్న గ్రీన్ బే పట్టణం జట్టు నేటికీ న్యూయార్క్ జట్లతో సమానంగా నిలబడటానికి ఇది ఒక ముఖ్య కారణం. తొలి రెండు సూపర్ బౌల్స్ గెలిచింది ఆ చిన్న పట్టణమే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో టికెట్ల డబ్బులో కూడా అతిథి జట్లకు వాటా ఉంది. స్టేడియంలోని ఖరీదైన బాక్సుల అద్దె మాత్రం ఆ లెక్కలోకి రాదు. దాంతో యజమానులు అలాంటి బాక్సులు ఎక్కువగా ఉండే కొత్త స్టేడియాల మీద పడ్డారు. ఏది పంచాలో చట్టం చెబితే, పంచనక్కర్లేనిది ఏదో వ్యాపారి వెతుక్కుంటాడు.

మూడోది బేస్‌బాల్. అక్కడ స్థానిక టీవీ ఒప్పందాలే పెద్ద ఆదాయం. న్యూయార్క్ యాంకీస్ మ్యాచుల కోసం 2002లో ఒక ప్రత్యేక చానలే మొదలైంది. అదే ఏడాది కుదిరిన ఒప్పందం ప్రకారం ప్రతి జట్టూ నికర స్థానిక ఆదాయంలో 34 శాతం ఉమ్మడి నిధిలో వేయాలి. ఆ నిధిని అందరికీ సమానంగా పంచుతారు. 2016 చివర్లో కుదిరిన ఒప్పందం ఈ వాటాను 48 శాతానికి పెంచింది. మన ప్రశ్నకు అచ్చంగా సరిపోయే ఉదాహరణ ఇదే.

ఫలితం? పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు 1993 నుంచి 2012 వరకు వరసగా 20 సీజన్లలో గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువ. 2010లో కొన్ని జట్ల ఖాతాల పత్రాలు బయటికి పొక్కాయి. ఉమ్మడి నిధి నుంచి డబ్బు అందుకుంటూ, ఓడిపోతూ కూడా పైరేట్స్ లాభాల్లో ఉన్నట్టు వాటిలో తేలింది. అదే ఏడాది జనవరిలో, వచ్చిన వాటాను ఆటగాళ్ల మీద ఖర్చు పెంచడానికి వాడతామని ఫ్లోరిడా మార్లిన్స్ యాజమాన్యం ఒప్పుకోవాల్సి వచ్చింది.

మన దగ్గర: ఐపీఎల్, దక్కన్ చార్జర్స్

ఐపీఎల్ 2008లో పుడుతూనే ఎన్‌ఎఫ్‌ఎల్ దారి పట్టింది. ప్రసార హక్కులను బోర్డు అమ్ముతుంది. తన వాటా తీసుకున్నాక మిగిలినది జట్లకు పంచుతుంది. ఆటగాళ్ల వేలంలో అందరికీ ఒకే పరిమితి. టికెట్ల డబ్బు మాత్రం సొంత జట్టుదే.

2008 జనవరి వేలంలో ముంబయి జట్టు 11.19 కోట్ల డాలర్లు పలికితే, హైదరాబాద్ 10.7 కోట్లు, రాజస్థాన్ 6.7 కోట్లు పలికాయి. అందరికన్నా చౌకగా అమ్ముడైన రాజస్థాన్ తొలి కప్పు గెలిచింది. తొలి ఏడాది అట్టడుగున నిలిచిన దక్కన్ చార్జర్స్ మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో జరిగిన టోర్నీలో విజేత. పంపకం పని చేస్తోందని ఆనాడు ఎవరైనా అనుకుంటారు.

అయితే మొత్తం చరిత్ర చూడాలి. 2008 నుంచి 2025 వరకు 18 సీజన్లు జరిగితే ముంబయి, చెన్నై చెరో 5 కప్పులు, కోల్‌కతా 3 గెలిచాయి. అంటే 18లో 13 మూడు జట్లవే. డబ్బు సమానంగా వచ్చినా యాజమాన్యం, కోచింగ్, కుర్రాళ్లను వెతికే తీరు సమానం కావు. దక్కన్ చార్జర్స్ సంగతే చూడండి. ఉమ్మడి నిధిలో వాటా ఉండి, కప్పు గెలిచి కూడా, యాజమాన్య సంస్థ అప్పుల్లో కూరుకుపోవడంతో 2012 సెప్టెంబరులో బోర్డు ఆ జట్టును రద్దు చేసింది. దాని స్థానంలో ఏడాదికి 85.05 కోట్ల రూపాయలకు సన్ టీవీ దక్కించుకున్నదే సన్‌రైజర్స్ హైదరాబాద్. పంపకం ఆటను బతికించగలదు. అప్పుల్లో మునిగిన యజమానిని బతికించలేదు, బతికించనక్కర్లేదు కూడా.

ఇక లెక్క చూద్దాం. 2023–27 ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు, 410 మ్యాచులకు అమ్ముడయ్యాయి. మ్యాచ్‌కు దాదాపు 118 కోట్లు. ఉప్పల్ స్టేడియంలో సుమారు 39 వేల సీట్లు. సగటు టికెట్టు 2,000 రూపాయలని ఊహించుకున్నా, అన్నీ అమ్ముడైతే వచ్చేది 7.8 కోట్లు. అంటే ఐపీఎల్‌లో పెద్ద మొత్తం ఇప్పటికే ఉమ్మడిది. పది జట్ల మధ్య టికెట్ల డబ్బు పంచినా, పంచకపోయినా ఆటలో పెద్ద తేడా రాదు. బేస్‌బాల్‌లో ఎందుకు అంత గొడవ, ఐపీఎల్‌లో ఎందుకు లేదు అన్నదానికి జవాబు ఈ లెక్కలోనే ఉంది.

పంచకూడదనేవాళ్ల వాదన

వాళ్ల వాదన తీసిపారేసేది కాదు. స్టేడియం బాగుచేసి, అభిమానులను కూడగట్టి, టికెట్లు అమ్ముకున్న జట్టు నుంచి సగం తీసుకుంటే వచ్చే ఏడాది అంత కష్టపడదు. ఊరికే డబ్బు వచ్చే జట్టు కూడా కష్టపడదు. పైరేట్స్ ఉదాహరణ వాళ్ల చేతిలో ఉంది.

దీనికి జవాబు సుక్మా జిల్లా పటంలో కనిపిస్తుంది. 2012 జనవరి దాకా సుక్మా దంతెవాడ జిల్లాలో భాగం. విభజనలో బైలాడీలా ఇనుప కొండలు దంతెవాడకు మిగిలాయి. మూడేళ్ల తర్వాత, 2015లో గనుల చట్టానికి సవరణ వచ్చి, గనులున్న జిల్లాల్లో జిల్లా ఖనిజ నిధులు ఏర్పడ్డాయి. పాత లీజుల మీద ఆ నిధికి చేరేది రాయల్టీలో 30 శాతం. ఒకే అడవి, ఒకే జనం, మధ్యలో ఒక గీత. గీతకు అటువైపు వాళ్లు ఎక్కువ కష్టపడ్డారని, ఇటువైపు వాళ్లు బద్ధకించారని ఎవరూ అనరు.

ముంబయి జట్టు ఆదాయంలోనూ ఇలాంటి భాగం ఉంది. కోటికి పైగా జనం, కంపెనీల ఆఫీసులు, ధనిక ప్రేక్షకులు జట్టు కష్టంతో వచ్చినవి కావు, ఊరి వల్ల వచ్చినవి. ఊరి వల్ల వచ్చినదాన్ని పంచాలి, కష్టంతో వచ్చినదాన్ని వదిలేయాలి. 15వ ఆర్థిక సంఘం చేసింది కూడా ఇదే. పంపకం సూత్రంలో ఆదాయ అంతరానికి 45 శాతం బరువు ఇస్తూనే, పన్నుల వసూళ్ల కృషికి 2.5 శాతం బరువు విడిగా ఉంచింది. ఆ బరువు చాలదని వాదించవచ్చు. సూత్రం మాత్రం సరైనదే.

అసలు బలహీన జట్టు ఏది?

ఇక్కడ ప్రశ్ననే కాస్త తిప్పి అడగాలి. ఐపీఎల్ పట్టికలో పదో స్థానంలో ఉన్న జట్టు కూడా వందల కోట్ల సంస్థే. నిజంగా బలహీనమైన జట్లు ఆ పట్టికలోనే లేవు.

ఛత్తీస్‌గఢ్ క్రికెట్ సంఘానికి బీసీసీఐ పూర్తి సభ్యత్వం 2016లో వచ్చింది. రాష్ట్రం ఏర్పడింది 2000లో. ఆ మధ్యలో, 2013లో, రాయ్‌పూర్ మైదానం ఢిల్లీ జట్టుకు రెండో సొంత మైదానం అయింది. రాష్ట్రానికి సొంత రంజీ జట్టు లేకముందే ఐపీఎల్ వచ్చిందన్నమాట. సుక్మా నుంచి ఆ మైదానం దాదాపు 400 కిలోమీటర్లు. కొంటా వాళ్లకైతే భద్రాచలమే దగ్గర. 2016లో లోధా కమిటీ సిఫార్సుల విచారణలో సుప్రీంకోర్టు బోర్డును నిలదీసిన విషయాల్లో, కొన్ని రాష్ట్రాలకు కోట్లు, కొన్నింటికి సున్నా ఎందుకన్నది ఒకటి. అదే ప్రశ్నను రాష్ట్ర సంఘాలనూ అడగాలి: మీ డబ్బు రాజధాని దాటుతోందా? హైదరాబాద్‌లో 2023లో సుప్రీంకోర్టు నియమించిన ఏకసభ్య కమిటీ 57 క్లబ్బులపై వేటు వేసింది. ఒకే చేతిలో అనేక క్లబ్బులు ఉండటమే కారణం. సంఘం ఓట్లు నగర క్లబ్బుల చేతిలో ఉన్నచోట జిల్లాల మైదానాలు ఎవరికి గుర్తొస్తాయి?

2024లో తొలిసారి జరిగిన బస్తర్ ఒలింపిక్స్‌లో ఏడు జిల్లాల నుంచి సుమారు 1.65 లక్షల మంది పాల్గొన్నారు. విలువిద్య, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, హాకీ ఆడారు. లొంగిపోయిన మావోయిస్టులు కూడా ‘నువా బాట్’ పేరుతో బరిలో దిగారు. ఇదంతా ప్రభుత్వ ఖర్చు. ఇంతమంది ఆడే పిల్లలున్న చోటికి వృత్తి క్రీడల టికెట్ల డబ్బు నుంచి నేరుగా వచ్చే దారి ఒక్కటీ లేదు.

‘ఐపీఎల్ టికెట్టు మీద ఇప్పటికే 40 శాతం జీఎస్టీ కడుతున్నాం కదా’ అని ఎవరైనా అనొచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన రేటు అది. అయితే దాని దారి చూడండి. సగం మ్యాచ్ జరిగిన రాష్ట్రానికే పోతుంది. మిగతా సగం కేంద్రానికి పోయి, అక్కడి నుంచి రాష్ట్రాల వాటాగా వస్తుంది. అందులో మైదానానికంటూ కేటాయించింది ఏమీ లేదు. హైదరాబాద్‌లో మ్యాచ్ జరిగితే తెలంగాణకు నేరుగా లాభం. మ్యాచులు జరగని రాష్ట్రానికి ఆ సగంలో నేరుగా ఏమీ రాదు.

నా జవాబు

పంచుకోవాలి, మూడు షరతులతో. ఒకటి, ఊరి వల్ల వచ్చిన ఆదాయంలోంచే వాటా తీసుకోవాలి, అది కూడా సగం లోపు ఉండాలి. రెండు, అందుకున్న జట్టు ఆ డబ్బును ఆటగాళ్ల మీద, మైదానం మీద ఖర్చు పెట్టి ఏటా లెక్క చూపాలి. చూపకపోతే మరుసటి ఏడాది వాటా ఆగాలి. మూడు, పంపకం ఒకే మెట్టు మీద ఆగకూడదు. ఐపీఎల్ లాంటి లీగులో జట్ల మధ్య టికెట్ల డబ్బు పంచడం కన్నా, ప్రతి మ్యాచ్ వసూలులో చిన్న వాటాను మ్యాచులు జరగని జిల్లాల మైదానాలకు పక్కన పెట్టడం ఎక్కువ మేలు. 7.8 కోట్ల వసూలులో 2 శాతం అంటే 15 లక్షల 60 వేలు. ఆ జట్టుకు అది ఒక ఆటగాడి కనీస వేలం ధర కన్నా తక్కువ. ఒక బ్లాకు కేంద్రంలో అది చదును చేసిన నేల, నీళ్లు, ఒక కోచ్ జీతం.

మెయిన్స్‌లో ఈ ప్రశ్న ఏ రూపంలో వచ్చినా, ‘సమతుల్యం అవసరం’ అన్న వాక్యం రాసేముందు మూడు విషయాలు తేల్చండి: ఏ డబ్బు, ఎవరి కష్టం, ఏ మెట్టు దాకా. వృత్తి క్రీడలు సుక్మా లాంటి చోట్ల నుంచి ఆటగాళ్లను వెతుక్కోవాలనుకుంటే, వాళ్లు ఆడటానికి ముందు నేల ఉండాలి.