ఫ్రేజల్ వెర్బ్ (ఇంగ్లిషు)

ఇంగ్లిషులో ఒక చిన్న క్రియ వెనక అప్, ఔట్, ఆఫ్, ఇన్ వంటి పొట్టి మాట ఒకటో రెండో చేరి, విడి అర్థాలతో పొంతన లేని కొత్త అర్థమిస్తే దాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. గివ్ అప్ అంటే మాత్రం మానుకోవడం, చేతులెత్తేయడం. పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడం. ఇది ఈమధ్య పుట్టిన మాటల పోకడ అనుకునేవారు చాలామంది. నిజానికి ఇంగ్లిషు వ్యాకరణ గ్రంథాల కన్నా దీని వయసు ఎక్కువ. పేరు పెట్టి పుస్తకాల్లోకి ఎక్కించడమే ఆలస్యమైంది. అదీ చాలావరకు పరాయివాళ్ల అవస్థ చూశాకే.

ప్రాచీన ఇంగ్లిషు తీరు వేరు. సంస్కృతంలో హృ ధాతువు ముందు ఉపసర్గలు చేరి ఆహారం, విహారం, సంహారం అయినట్టే, అక్కడా అర్థాన్ని మార్చే ముక్క క్రియకు ముందే అతుక్కునేది. ఓవర్‌కమ్, విత్‌స్టాండ్, ఫర్‌గివ్ ఆ కాలం నుంచి మిగిలినవే. క్రమంగా ఆ ఉపసర్గలు అనేకం అరిగి రాలిపోయాయి, వాటి పని క్రియ వెనక విడిగా నిలిచే మాటలకు దక్కింది. 9వ శతాబ్దం నుంచి ఇంగ్లండులో స్థిరపడ్డ స్కాండినేవియన్ల నార్స్ భాష ఈ మార్పుకు ఊతమిచ్చిందని కొందరు చరిత్రకారులంటారు, అది ఇంటి మార్పేనని మరికొందరు. 1154 దాకా సాగిన పీటర్‌బరో క్రానికల్ అనే చరిత్ర గ్రంథంలోనే గివ్ అప్ కనిపిస్తుంది.

1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కొలువు, న్యాయస్థానం ఫ్రెంచి వైపు వెళ్లాయి. ఎంటర్, రిటర్న్, సరెండర్ వంటివి ఆ దారినే వచ్చాయి. గో ఇన్, కమ్ బ్యాక్, గివ్ అప్ ఇంటి మాటలుగా నిలిచాయి. ఒకే పనికి దర్జా మాట ఒకటి, వాడుక మాట ఒకటి అనే జంటలు నేటికీ ఇంగ్లిషు రాసేవారికి తప్పని ఎంపిక.

ఈ చరిత్రలో ముచ్చటైన మనిషి శామ్యూల్ జాన్సన్. లాటిన్ పదాలతో బరువైన వచనం రాసిన ఈయనే, 1755 నాటి తన నిఘంటువు పీఠికలో, క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చే పద్ధతి మిగతా భాషల కన్నా ఇంగ్లిషులో ఎక్కువనీ, విదేశీయులకు అన్నిటికన్నా కష్టం అదేననీ గుర్తించాడు. టేక్ అనే ఒక్క క్రియకే 134 అర్థాలు ఇచ్చాడు.

ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ రాసిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’తో ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ చెప్పుకున్నాడు. 1930లో సి.కె. ఆగ్డెన్ విదేశీయుల కోసం 850 మాటలతో బేసిక్ ఇంగ్లిష్ తయారుచేశాడు. అందులో క్రియలు 18. మాటలు తగ్గాయి గాని కష్టం తగ్గలేదు: గెట్, పుట్, గో వంటివాటికి చిన్న మాటలు తగిలించి నెట్టుకురావాలి, ఆ కూర్పుల అర్థాలేమో ఆ 850 లెక్కలోకి రావు. ఎ.ఎస్. హార్న్‌బీ తోటివారితో కలిసి జపాన్ విద్యార్థుల కోసం చేసిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్నే తిరిగి వేసింది. భారతీయ విద్యార్థుల బల్లల మీదికి చేరిన ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ నిఘంటువుకు మూలం అదే. కౌవీ, మాకిన్‌లు కూర్చిన ఇడియమ్ నిఘంటువులో మొదటి సంపుటం 1975లో వచ్చింది, అదంతా ఈ క్రియలకే.

జాన్సన్ పసిగట్టిన కష్టాన్ని డాగట్, లాఫర్ అనే పరిశోధకులు 1985లో హీబ్రూ మాట్లాడే విద్యార్థుల్లో పరిశీలించారు. తమ భాషలో ఇటువంటి నిర్మాణం లేని ఆ విద్యార్థులు వీటిని తప్పించుకుని ఒంటి మాట క్రియల వైపు మొగ్గారు.

తెలుగువారు ఇంకో దారి పట్టారు. లాకప్, చెకప్, బ్రేకప్ వంటివి తెలుగులో క్రియలు కావు, నామవాచకాలు. పక్కన చేయడమో అవడమో ఇవ్వడమో చేర్చుకుంటే పని నడుస్తుంది. సినిమావాళ్ల గెటప్ అంటే పాత్ర వేషం. బిల్డప్ ఇవ్వడం అంటే లేని గొప్ప చూపించడం. పాస్ ఔట్ సంగతి మరీ తమాషా. బ్రిటన్‌లో దానికి స్పృహ తప్పడం అని అర్థం, లేదా సైనిక శిక్షణ ముగించడం. ఇక్కడ ఉద్యోగ ప్రకటనల్లో ‘2015 పాసౌట్’ అంటే ఆ ఏడు డిగ్రీ పూర్తిచేసినవారు.