గేమింగ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? మన రాజమండ్రి ఎండలకి తట్టుకుంటుందో లేదో ముందు చూడండి!

రాజమహేంద్రవరం: ఈఏపీసెట్ కౌన్సెలింగ్ అయ్యి ఇంజినీరింగ్ సీటు రాగానే చాలా ఇళ్లలో మొదలయ్యే చర్చ ల్యాప్‌టాప్. చదువుకి పనికొస్తే చాలంటారు నాన్న. గేమ్స్ కూడా ఆడాలంటాడు అబ్బాయి. రెండు కొనే స్తోమత అందరికీ ఉండదు కదా! కొన్న ఆ ఒక్కటే నాలుగేళ్లు రావాలి. మరి డబ్బు కట్టే ముందు ఏం చూడాలో తెలుసుకుందాం.

ముందు.. ఏ గేమ్స్ ఆడతారు?
వాలొరెంట్, మైన్‌క్రాఫ్ట్ లాంటివే ఆడేవాళ్లకి విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఈ మధ్య వచ్చిన ప్రాసెసర్లలో ఉండే గ్రాఫిక్స్ సరిపోతాయి. ల్యాప్‌టాప్ బరువూ తగ్గుతుంది, డబ్బులూ మిగులుతాయి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, సైబర్‌పంక్ 2077 లాంటి పెద్ద గేమ్స్ బాగా ఆడాలంటే మాత్రం కార్డు ఉండాల్సిందే.

కార్డు పేరు చూసి కొనేయొద్దు
చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఆర్‌టీఎక్స్ 4050 అని స్టిక్కర్ ఉన్న ల్యాప్‌టాప్‌లన్నీ ఒకేలా పనిచేయవు. ఆ కార్డుని 35 నుంచి 115 వాట్ల మధ్య ఎంతకైనా సెట్ చేసుకునే వీలు కంపెనీలకి ఉంది. సన్నగా ఉన్న మోడల్‌లో తక్కువ వాట్లు, కాస్త మందంగా ఉన్నదాంట్లో ఎక్కువ వాట్లు ఇస్తుంటారు. పేరు ఒకటే అయినా గేమ్‌లో స్పీడ్ తేడా బాగా కనిపిస్తుంది. దీన్నే టీజీపీ అంటారు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ వివరాల్లో ఇది చూడొచ్చు. వీడియో మెమరీ కూడా గమనించాలి. 4050లో 6 జీబీ, 4060, 5050, 5060లలో 8 జీబీ ఉంటుంది.

అసలు పరీక్ష మే నెలలోనే!
చాలా ల్యాప్‌టాప్‌ల మాన్యువల్‌లో 35 డిగ్రీల లోపు గదిలో వాడాలని రాసి ఉంటుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మన దగ్గర 40 దాటడం మామూలే. లోపల వేడి పెరిగితే ప్రాసెసర్, కార్డు కాలిపోకుండా వాటంతట అవే స్పీడ్ తగ్గించుకుంటాయి. అందుకే షోరూం ఏసీలో దూసుకుపోయిన గేమ్, ఇంట్లో ఫ్యాన్ కింద అరగంట ఆడేసరికి నత్తనడక నడుస్తుంది.

కాబట్టి మన ఊళ్లో కొనేవాళ్లు కూలింగ్‌కి మార్కులు ఎక్కువ వేయాలి. రెండు ఫ్యాన్లు ఉన్నాయా, గాలి పోయే దారులు వెనకా పక్కనా ఉన్నాయా చూడండి. రివ్యూలు చూసేటప్పుడు మొదటి 5 నిమిషాల స్కోర్ కాదు, అరగంట ఆడాక ఎంత వస్తోందో చూడండి. కొన్నాక మంచం మీద, దిండు మీద పెట్టి ఆడొద్దు. బల్ల మీద పెట్టి, వెనక వైపు కాస్త ఎత్తు ఇవ్వండి. ఏడాదికోసారి దుమ్ము క్లీన్ చేయించండి.

కరెంటు పోతే?
బ్యాటరీ మీద గ్రాఫిక్స్ కార్డు పూర్తి శక్తితో పనిచేయదు. ఛార్జరేమో 150 నుంచి 230 వాట్లు, కొన్నింటికి ఇంకా ఎక్కువ. ఫ్యాన్లు, లైట్లతో పాటు ఇంత లోడ్ మీ ఇన్వర్టర్ లాగుతుందో లేదో ముందే లెక్క చూసుకోండి. ఇన్వర్టర్ సైన్‌వేవ్‌ది అయితే మంచిది.

రోజూ కాలేజీకి మోయాలిగా!
గేమింగ్ ల్యాప్‌టాప్ రెండు కేజీల పైనే ఉంటుంది, ఛార్జర్ బరువు దానికి అదనం. రాజానగరం వైపు కాలేజీలకి రోజూ బస్సులో వెళ్లొచ్చేవాళ్లు షాపులో ఒకసారి రెండూ బ్యాగులో పెట్టుకుని చూడండి. ర్యామ్ 16 జీబీ ఉండాలి. తర్వాత పెంచుకుందాం అనుకుంటే ఖాళీ స్లాట్ ఉందో లేదో అడగండి, కొన్నింటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కటే 150 జీబీ అడుగుతుంది. కాబట్టి 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే, ఇంకోటి వేసుకునే చోటు కూడా ఉండాలి. స్క్రీన్ 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్నది చూసుకోండి.

షాపులో ఈ 5 ప్రశ్నలు మర్చిపోవద్దు
1. ఈ మోడల్‌లో కార్డు ఎన్ని వాట్లు?
2. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ తర్వాత పెంచుకోవచ్చా?
3. ఇంటికొచ్చి రిపేర్ చేసే వారంటీ మా పిన్‌కోడ్‌కి ఉందా?
4. కింద పడినా, నీళ్లు పడినా వారంటీ వర్తిస్తుందా? (మామూలు వారంటీలో ఇది ఉండదు, విడిగా తీసుకోవాలి.)
5. విండోస్ 11 ఒరిజినల్‌దేనా? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

జీఎస్టీ బిల్లు తప్పకుండా తీసుకోండి. బాక్స్ మీద, ల్యాప్‌టాప్ మీద, బిల్లులో సీరియల్ నంబర్ ఒకటేనా అని అక్కడికక్కడే సరిచూడండి. తక్కువ వాట్ల పెద్ద కార్డు కంటే, బాగా చల్లబడే మధ్యస్థం కార్డే మన వాతావరణంలో నాలుగేళ్లు నమ్మకంగా పనిచేస్తుంది.