ఇల్లు కుదిర్చిన మనిషి

తెనాలిలో దస్తావేజులు రాసి బతికిన కుటుంబం మాది. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర చిన్న బల్ల వేసుకుని మా నాన్న రాశారు, ఆయన తర్వాత నేను రాశాను. ఆయన చేత్తో రాసిన నకళ్ళు ఇంట్లో ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. వాటిల్లో ఇళ్ళ అమ్మకాలవి తీసి చూస్తే, కింద సాక్షుల సంతకాల్లో ఒకటి చాలా చోట్ల ఆ ఇల్లు కుదిర్చిన మధ్యవర్తిదే. తనఖాకీ దానపత్రానికీ ఇద్దరు సాక్షులు ఉండి తీరాలని చట్టం చెబుతుంది గానీ అమ్మకానికి ఆ నియమం లేదు. అయినా వాడుకగా ఇద్దరి చేత పెట్టించేవాళ్ళం. ఆ ఇద్దరిలో మధ్యవర్తి ఉండాలని కొనేవాళ్ళే పట్టుబట్టేవాళ్ళు. రిజిస్ట్రారు ముందు నిలబడి "ఈయన ఫలానా ఆయనే" అని గుర్తించేదీ తరచుగా అతనే. పాతికేళ్ళ తర్వాత తగాదా వచ్చి కోర్టుకెక్కినా పిలిస్తే వచ్చి చెప్పాల్సినవాడు అతను.

నా కాలం చివరికొచ్చేసరికి ఆ సంతకం కాగితం మీద నుంచి పోయింది. ఇల్లు చూపించినవాడు ఆఫీసు బయట కారులో కూర్చుని కమిషన్ తీసుకుని వెళ్ళిపోతున్నాడు. ఇల్లు అమ్మేవాళ్ళకీ కొనేవాళ్ళకీ మధ్యవర్తి నుంచి ఏం కావాలో నన్నడిగితే ముందు ఈ సంతకం గురించే చెబుతాను. మిగతా కోరికలన్నీ దాని వెనకే వస్తాయి.

అమ్మేవాళ్ళ సంగతి మొదట చెప్పాలి, ఎందుకంటే వాళ్ళ బాధ ఎవరూ రాయరు. మా ఊళ్ళో అప్పట్లో ఇల్లు ఊరికే అమ్ముకునేవాళ్ళు తక్కువ. కూతురి పెళ్ళి, వ్యాపారంలో దెబ్బ, అన్నదమ్ముల పంపకం, జబ్బు, వీటిల్లో ఏదో ఒకటి ఉండేది. ఇల్లు బేరానికి పెట్టారని తెలిస్తే మర్నాడే అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చునేవాళ్ళు. పెళ్ళి సంబంధం మాట్లాడుతున్న ఇల్లయితే అది చెడేది. అందుకని అమ్మే ఆయన మధ్యవర్తిని పొద్దుగూకాక పిలిపించుకునేవాడు. కొనేవాణ్ణి కూడా బంధువులా తీసుకొచ్చి, కాఫీ తాగించి, మాటల్లో గదులన్నీ చూపించి పంపేవాళ్ళు. నోరు జారని మనిషికే మరో ఇల్లు అప్పజెప్పేవాళ్ళు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చే పద్ధతి పశువుల సంతల్లో ఉంది కదా, ఇళ్ళ బేరంలో తువ్వాలు లేకపోయినా గుట్టు మాత్రం అదే. అమ్మేవాడి చివరి ధర, కొనేవాడి చివరి ధర రెండూ తెలిసినవాడు మధ్యవర్తి ఒక్కడే. ఆ రెంటినీ ఎవరికీ చెప్పకుండా దగ్గరకు తేవడమే అతని పనితనం.

కొనేవాళ్ళ అవసరం వేరు. గోడలు, గుమ్మాలు, తూర్పు వాకిలా దక్షిణం వాకిలా అన్నది వాళ్ళే చూసుకోగలరు. బావి నీళ్ళు తీపో ఉప్పో తోడి తాగితే తెలుస్తుంది. మాది కాలవల ఊరు, డెల్టా నేల. వానాకాలం ఏ వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయో ఎండాకాలంలో ఇల్లు చూడటానికొచ్చిన పొరుగూరివాడికి ఎలా తెలుస్తుంది? 1977 నవంబరు ఉప్పెన తర్వాత కొన్నాళ్ళు ప్రతివాళ్ళూ "ఆ రాత్రి ఈ ఇల్లు నిలబడిందా?" అని అడగటం నాకు బాగా గుర్తు. కాలవగట్టు మీద ఇళ్ళున్నాయి. పన్ను రసీదు ఉంటుంది, కరెంటు ఉంటుంది, కింద నేల మాత్రం పోరంబోకు. ఆ మాట ముందే చెప్పేవాడు కావాలి.

వీటికంటే చిక్కువి ఇరుగుపొరుగు హక్కులు. పాత పెంకుటిళ్ళలో ఉమ్మడి గోడ, చూరు నీళ్ళు, దొడ్డిదారి, ఈ మూడింటి మీద నడిచినన్ని దావాలు ధర మీద నడవలేదు. ఒక బేరం చెబుతాను. అమ్మే ఆయనకీ కొనే ఆయనకీ ధర కుదిరింది, బయానా ఇచ్చే రోజు కూడా పెట్టుకున్నారు. మధ్యవర్తి ఆపాడు. "పడమటింటాయన్ను పిలవకుండా నేను ఈ డబ్బు చేతులు మార్చనండీ" అన్నాడు. ఆ పొరుగాయనకీ అమ్మే ఆయనకీ మాటల్లేవు. మధ్యవర్తే వెళ్ళి బతిమాలి తీసుకొచ్చాడు. టేపు పట్టి కొలిచారు. గోడ ఇద్దరిదీ అని, చూరు నీళ్ళు పడటానికి గోడ అవతల అడుగున్నర జాగా ఈ ఇంటిదే అని తేలింది. నేను దస్తావేజు షెడ్యూల్లో పడమటి హద్దు దగ్గర ఆ మాటలన్నీ రాశాను. పొరుగాయన సాక్షిగా సంతకం పెట్టాడు, పక్కన మధ్యవర్తి. ఆ పూట జరిగిన పనికి నూటికి రూపాయి చొప్పున రెండు వైపులా ఇచ్చిన కమిషన్ చాలా తక్కువని అప్పుడే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ మధ్యవర్తులకు ఇంత సమాచారం ఎక్కడిది? చాలావరకు కరణం దగ్గరిది. సర్వే నంబరు, పాత పట్టాదారు పేరు, ఎవరి వాటా ఎవరికి పోయిందన్నది కరణం ఇంటి దస్త్రాల్లోనూ ఆయన బుర్రలోనూ ఉండేవి. మంచి కరణాలూ ఉన్నారు, దాన్ని అడ్డం పెట్టుకుని ఊరిని పీడించినవాళ్ళూ ఉన్నారు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను ఒక్క కలంపోటుతో తీసేసింది. వంశపారంపర్యపు పెత్తనం పోవలసిందే, అందులో నాకు అనుమానం లేదు. కానీ నేల గురించిన జ్ఞాపకం ఒకచోట ఉండేది చెల్లాచెదురైంది. అప్పటిదాకా కరణం దగ్గరికి వెళ్ళేవాళ్ళు మధ్యవర్తి దగ్గరికీ మా బల్లల దగ్గరికీ రావడం మొదలుపెట్టారు. "ఏం బాబాయ్, ఆ ఇంటి మీద ఏమన్నా ఉందా?" అని రోజూ ఎవరో ఒకరు అడిగేవారు.

ఆ వెంటనే మరో మార్పు వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కిచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. దాంతో ఇల్లు కుదిర్చేవాడు ఆ ఇంట్లో ఎంతమంది కూతుళ్ళు, ఎవరి పెళ్ళి ఎప్పుడైంది, ఎవరు ఏ ఊళ్ళో ఉన్నారు అన్నవి కూడా తెలుసుకోవాల్సి వచ్చింది. ఆడపిల్లల సంతకాల కోసం బాపట్ల నుంచి బళ్ళారి దాకా తిరిగిన మధ్యవర్తులు నాకు తెలుసు. సంతకం పెట్టే రోజున ఆడపడుచుకు పసుపు కుంకుమ కింద చీర పెట్టడం మర్యాదే. కానీ హక్కు తెలియనివ్వకుండా చీరతోనే సరిపుచ్చిన ఇళ్ళు కూడా చూశాను. "అమ్మా, ఇందులో నీకూ వాటా ఉంది, తెలిసే పెడుతున్నావా?" అని బయటికి అడిగిన మధ్యవర్తి ఒకరిద్దరే. కొనేవాళ్ళకు నిజానికి మేలు చేసింది వాళ్ళే. అడక్కుండా దాటేసిన ఇళ్ళు తర్వాత కోర్టులో నలిగాయి.

చట్టం సంగతికొస్తే, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం నూరు రూపాయలూ ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరు దస్తావేజు తప్పనిసరి చేసింది. అంతకు తక్కువ విలువదైతే స్వాధీనం చేస్తే చాలు. అదే చట్టం అమ్మేవాడి బాధ్యతలేమిటో, కొనేవాడివేమిటో విడివిడిగా చెప్పింది. మామూలుగా చూస్తే బయటపడని లోపం ఆస్తిలోగానీ హక్కులోగానీ ఉంటే, అది అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియకపోతే, అమ్మేవాడు చెప్పి తీరాలి. ఆ చట్టంలో మధ్యవర్తి మీద పెట్టిన బాధ్యత ఒక్కటీ లేదు. ఏజెంటంటే ఎవరో 1872 కాంట్రాక్టు చట్టంలో ఉంది గానీ ఇళ్ళ బేరగాడి పనిని విడిగా పట్టించుకున్న చట్టం మన దగ్గరికి 2016 దాకా రాలేదు. అన్నేళ్ళూ అతన్ని అదుపులో పెట్టింది ఊరి నోరు, కాగితం మీద అతని సంతకం.

మా బల్లల దగ్గర ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం, తీయించడం ఒకప్పుడు పెద్ద పని. గుమాస్తాలు ఇండెక్సు పుస్తకాలు తిరగేసి, పేరు పట్టుకుని, వాల్యూములు వెతికి రాసిచ్చేవారు. సాధారణంగా పదమూడేళ్ళకు, గట్టిగా చూసుకునేవాళ్ళు ముప్ఫై ఏళ్ళకు అడిగేవారు. స్వాధీనం కోసం దావాకు గడువు పన్నెండేళ్ళు, తనఖా విడిపించుకోవడానికి ముప్ఫై ఏళ్ళు; ఆ లెక్కలు అలా వచ్చినవే. 1998లో కార్డ్ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టాక ఈసీ నిమిషాల్లో చేతికొచ్చింది. అది జనానికి జరిగిన గొప్ప మేలు. అయితే రిజిస్టరైనదే ఈసీలో కనిపిస్తుంది. తీరని అన్నదమ్ముల తగాదా, నోటిమాటగా ఇచ్చిన దారి, బయటపెట్టని వీలునామా అందులో కనపడవు. వాటికి ఊళ్ళో తిరిగిన మనిషే కావాలి. కంప్యూటరొచ్చింది కదా అని ఆ మనిషి అక్కర తీరిందనుకున్నారు. అక్కడే చాలామంది దెబ్బతిన్నారు.

అపార్ట్‌మెంట్లు, వెంచర్లు వచ్చాక పని రూపమే మారింది. ఇంటింటికీ తిరిగే మధ్యవర్తి స్థానంలో బ్రోచరు పట్టుకున్న ఏజెంటు వచ్చాడు. అతను కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య మనిషి కాడు, అమ్మే కంపెనీ మనిషి. ప్లాటుకింత అని కంపెనీ ఇచ్చే కమిషన్ మీద బతుకుతాడు. ఆ తేడాను కొనేవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. 2014 సెప్టెంబరులో విజయవాడ పరిసరాల్లో రాజధాని అని ప్రకటించగానే మా వైపు ఎంత తిరునాళ్ళయిందో చెప్పలేను. టీ కొట్టు ఆయన, ఆటో ఆయన, బడి మాస్టరు అందరూ బేరాలు చూపించినవాళ్ళే. పొద్దున చెప్పిన ధర సాయంత్రానికి ఉండేది కాదు. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని కొనడం 1977 చట్టం ప్రకారం చెల్లదని తెలిసీ అగ్రిమెంట్లు రాయించడానికి వచ్చేవాళ్ళు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక ఆ బేరగాళ్ళలో సగం మంది ఫోను ఎత్తలేదు. ఇల్లు తాకట్టు పెట్టి ప్లాటు కొన్న రిటైర్డు ఉద్యోగులు మా బల్ల దగ్గర కూర్చుని, చూపించినవాడి పూర్తి పేరేమిటో కూడా తమకు తెలియదని చెప్పారు. వాళ్ళ దస్తావేజుల్లో అతని పేరు ఎక్కడా లేదు.

అమెరికాలో ఉన్న పిల్లలది ఇంకో అవసరం. తండ్రి కట్టిన ఇల్లు అమ్మాలి, రావడానికి వీల్లేదు. అక్కడి కాన్సులేటులో పవరాఫ్ అటార్నీ రాసి పంపిస్తారు. అది మన దేశానికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. జీపీఏ కాగితాలతో జరిగే అమ్మకం హక్కును బదలాయించదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చిచెప్పింది కాబట్టి, ఆ పవరుతో రిజిస్టరు దస్తావేజు చేయించాల్సిందే. వాళ్ళు ఫోన్లో నన్ను అడిగేది ధర గురించి తక్కువ. "అంకుల్, అక్కడ నమ్మకమైనవాళ్ళెవరన్నా ఉన్నారా?" అనే అడుగుతారు.

2016లో వచ్చిన రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం మన దగ్గర తొలిసారి ఏజెంటు నమోదు చేసుకోవాలంది. బ్రోకరైనా మధ్యవర్తయినా ఏ పేరుతో పిలిచినా ఏజెంటే అంది. అబద్ధపు మాటలు చెప్పకూడదు, రిజిస్టరు కాని ప్రాజెక్టులో అమ్మిపెట్టకూడదు, లెక్కలు రాయాలి, బుక్ చేసేటప్పుడు కొనేవాడికి రావలసిన కాగితాలన్నీ అందేలా చూడాలి. నమోదు లేకుండా పనిచేస్తే రోజుకు పదివేల జరిమానా. మంచి చట్టమే, ఎప్పుడో రావలసింది. అయితే అది ప్రాజెక్టులకు. 500 చదరపు మీటర్లు మించని స్థలం, ఎనిమిది ఫ్లాట్లు మించని భవనం దాని పరిధిలోకి రావు. మా వీధిలో యాభై ఏళ్ళ నాటి డాబా ఇల్లు ఒకరు ఇంకొకరికి అమ్మితే, కుదిర్చినవాడిని ఆ చట్టం ఏమీ అడగదు. చిన్న ఊళ్ళలో అమ్ముడుపోయేవి ఎక్కువగా అలాంటి ఇళ్ళే.

నేను రాయడం మొదలుపెట్టినప్పుడు దస్తావేజులో ఫొటోలు లేవు. 2001 సవరణతో ఫొటోలు, వేలిముద్రలు వచ్చాయి. పెద్ద మొత్తాలకు పాన్ నంబరు వచ్చింది. 2013 జూన్ నుంచి యాభై లక్షలూ ఆపైన ఆస్తికి కొనేవాడు ఒక శాతం పన్ను పట్టి కట్టాలి, ఆ వివరం కూడా రాస్తున్నారు. ఇన్ని చేర్చిన కాగితంలో మధ్యవర్తికి ఒక పేరా చేర్చవచ్చు. కుదిర్చినది ఎవరు, చిరునామా ఏది, ఎవరి నుంచి ఎంత తీసుకున్నారు, ఆస్తి గురించి తనకు తెలిసి చెప్పిన విషయాలేమిటి, కింద సంతకం. అది తప్పనిసరి చేయాలని ప్రభుత్వానికి రాశాను. ఈలోగా ఇల్లు కొనేవాళ్ళెవరైనా సలహా అడిగితే, కమిషన్ డబ్బు మధ్యవర్తి సాక్షిగా సంతకం పెట్టాకే ఇవ్వమంటున్నాను. కొందరు ఏజెంట్లు ఒప్పుకోరు. ఒప్పుకున్నవాళ్ళ పేర్లు నా దగ్గర ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకుని, అమెరికా పిల్లలు ఫోను చేసినప్పుడు వాటినే చెబుతున్నాను.